మోటుపల్లి శాసనాన్ని తరగతికి తెద్దాం

మన హైస్కూళ్ళలో సోషల్ టీచరు ఒక్కరే చరిత్ర, భూగోళం, పౌరశాస్త్రం, అర్థశాస్త్రం నాలుగూ చెప్పాలి. సిలబస్ తరుముతూ ఉంటుంది. పదో తరగతి ఫలితాల భయం ఒకటి. ఈ ఒత్తిడిలో చరిత్ర పాఠం రాజుల పేర్లకూ తేదీలకూ కుదించుకుపోతోంది. దీనికి విరుగుడు ఒకటే అని నా నమ్మకం. చరిత్రకారుడు చేసే పనిని టీచరు కొంతైనా స్వయంగా చేయాలి, పిల్లల చేత చేయించాలి. ఒక ఆధారాన్ని ఎదురుగా పెట్టుకుని దాన్ని ప్రశ్నించడమే ఆ పని.

కాకతీయుల పాఠానికి నేను ఎంచుకునే ఆధారం గణపతిదేవుడి మోటుపల్లి శాసనం. బాపట్ల జిల్లా తీరగ్రామమైన మోటుపల్లిలో, వీరభద్రాలయంలోని స్తంభం మీద ఉంది. 1244-45 నాటిది. తుఫానుకు చిక్కి ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల్లోని సరుకంతా పూర్వపు రాజులు లాక్కునేవారనీ, ప్రాణాలకు తెగించి సముద్రం మీద వచ్చే వర్తకుల దగ్గర తాను నిర్ణీత సుంకం తప్ప మరేమీ తీసుకోననీ రాజు అందులో అభయమిస్తాడు. చందనం, కర్పూరం, ముత్యాలు, పట్టునూలు, మిరియాలు వంటి సరుకుల మీద సుంకాలు కూడా చెక్కించాడు.

దీని సారాంశాన్ని సులువైన తెలుగులో ఒక్క పేజీకి రాసి పిల్లలకు పంచితే చాలు. ఈ మాటలు ఎవరివి? ఎవరు చదవాలని చెక్కించారు? ఇందులో రాజుకేం లాభం? లాక్కోబోమని రాజు రాతి మీద చెక్కించి మరీ చెప్పాల్సి వచ్చిందంటే, అంతకుముందు వర్తకులు ఎంత భయపడి ఉంటారు? ఓడ సరుకు మోసిన కూలీ సంగతి ఇందులో ఎందుకు లేదు? 1358లో రెడ్డిరాజు అనపోతారెడ్డి అదే రేవులో వర్తకులకు మళ్ళీ హామీ శాసనం ఎందుకు వేయించాడు? ఇక్కడ కాకతీయ రాజ్యం 1323లో పడిపోయిందన్న తేదీకి అర్థం వస్తుంది. రాజ్యం పోతే రాజు మాటకు విలువ పోతుందనీ, కొత్త రాజు మళ్ళీ నమ్మకం సంపాదించుకోవాలనీ పిల్లలే చెప్పగలుగుతారు.

దీని పక్కన మార్కో పోలో రాసిన ముత్ఫిలి వర్ణన పెట్టండి. అది మోటుపల్లేనని చరిత్రకారులు గుర్తించారు. అక్కడి సన్నని వస్త్రాలనూ, వివేకవతి అయిన రాణినీ ఆయన మెచ్చుకున్నాడు. అయితే ఆమె భర్త పోయాక రాజ్యమేలుతోందని రాశాడు. ఆ రాణి రుద్రమదేవేనని భావిస్తారు, కానీ ఆమె గణపతిదేవుడి భార్య కాదు, కూతురని మనకు శాసనాల వల్ల తెలుసు. వజ్రాలను గద్దలు మాంసంతో పాటు ఎత్తుకొస్తాయన్న కథ కూడా ఆయన పుస్తకంలో ఉంది. ఒకే సాక్షి మాటల్లో ఏది నమ్మాలి, ఏది సరిచూడాలి అని తేల్చుకోవడం పిల్లలకు ఈ రెండు ఆధారాలతో అలవాటవుతుంది. వాట్సాప్‌లో వచ్చే ప్రతి కథనూ చరిత్రని నమ్మేసే కాలంలో ఇంతకన్నా అవసరమైన చదువు నాకు కనిపించదు.

అమెరికాలో శామ్ వైన్‌బర్గ్ 1991లో ప్రచురించిన పరిశోధన ఈ అలవాటు విలువను చూపింది. ఒకే పత్రాలను చరిత్రకారులకూ హైస్కూలు విద్యార్థులకూ ఇచ్చాడు. చరిత్రకారులు ముందుగా ఎవరు రాశారు, ఎప్పుడు రాశారు అని చూశారు. విద్యార్థుల్లో ఎక్కువమంది నేరుగా విషయంలోకి వెళ్ళిపోయారు. ఆ తేడా తెలివితేటలది కాదు, సాధనది.

ఆ సాధన ముందు టీచర్లకు కావాలి. ప్రతి ఉపాధ్యాయుడూ ఏటా కనీసం 50 గంటల వృత్తి శిక్షణ పొందాలని 2020 జాతీయ విద్యా విధానం చెప్పింది. ఆ గంటలు స్లయిడ్లు చూడటానికీ, ఆన్‌లైన్ కోర్సు ముగించి సర్టిఫికెట్ దించుకోవడానికీ ఖర్చయితే తరగతిలో ఏదీ మారదు. పదిమంది సోషల్ టీచర్లు ఒక శాసనం చుట్టూ కూర్చుని చదవాలి, ప్రశ్నలు రాసుకోవాలి. ఒకరు ఆ పాఠం చెబుతుంటే మిగతావారు వెనక బెంచీలో కూర్చుని టీచరును కాక పిల్లలను గమనించాలి. ఏ ప్రశ్నకు పిల్లలు ఆలోచించారు, ఏ ప్రశ్నకు బట్టీ జవాబు వచ్చిందో మాట్లాడుకుని, పాఠాన్ని సరిదిద్ది ఇంకో బడిలో చెప్పాలి.

ప్రధానోపాధ్యాయులకూ, శిక్షణలు రూపొందించే అధికారులకూ నా విన్నపం ఇది. వచ్చే స్కూల్ కాంప్లెక్స్ మీటింగులో సర్క్యులర్లు చదివే సమయంలోంచి ఒక గంట తీసి సోషల్ టీచర్లకు ఇవ్వండి. ఒక శాసనం నకలు వాళ్ళ చేతిలో పెట్టండి. మిగతా పని వాళ్ళు చేసుకోగలరు.