ఒక రోజు ముందే పసిగట్టే విద్య

ఛత్తీస్‌గఢ్‌లోని బిల్హా చుట్టుపక్కల పల్లెల్లో గొడ్డు ఒంట్లో నలతను మొదట కనిపెట్టేది డాక్టరు కాదు. చాలాసార్లు యజమాని కూడా కాదు. తెల్లవారగానే ఊరి గొడ్లన్నిటినీ మేతకు తోలుకుపోయే రౌత్ కనిపెడతాడు. బిలాస్‌పూర్ నుంచి రాయ్‌పూర్ వెళ్లే ప్రధాన రైలు మార్గం మీద ఉన్న ఊరు బిల్హా. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుంచీ ఈ ప్రాంతానికి ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. రైల్వే క్వార్టర్లు దాటి కాస్త దూరం నడిస్తే వరి మళ్లు, చెరువులు, గడ్డివాములు మొదలవుతాయి. ఆ పల్లెల్లో పశువులను చలికాలం దాటించి వసంతంలోకి చేర్చే పద్ధతి ఒకటుంది. అది రాతలో ఎక్కడా కనిపించదు. కాపరి చేతిలో, కంట్లో, నడకలో ఉంటుంది. దాన్ని మనం శ్రద్ధగా తెలుసుకోవాలి. గౌరవించాలి. కాపరికి తగిన కూలి ఇచ్చి నిలబెట్టుకోవాలి కూడా.

ఊరి మంద

రౌత్‌లు మన గొల్లల్లాంటివారు. శ్రీకృష్ణుడి వంశమని చెప్పుకుంటారు. ఊరి రైతులందరి గొడ్లనూ కలిపి మేపే కాపరిని ఇక్కడ పహటియా అంటారు. పొద్దున్నే ఎవరి కొట్టంలోని గొడ్లను వాళ్లు విప్పి వదిలితే అవి దైహాన్ అనే ఖాళీ స్థలానికి చేరతాయి. అక్కడ కూడిన మంద బర్ది. పహటియా చేతిలో కర్ర, వానాకాలమైతే తలమీద ఖుమరీ అనే వెదురు గొడుగుటోపీ. మన పల్లెల్లోనూ ఊరుమ్మడి మంద, దాన్ని మేపే పసులకాపరి ఉండేవారు. చాలా చోట్ల ఆ ఏర్పాటు పోయింది. ఇక్కడ సన్నగిల్లుతూనే అయినా ఇంకా మిగిలి ఉంది.

ఈ మందలో ఎక్కువ భాగం కోసలి జాతి ఆవులు, ఎద్దులు. ఛత్తీస్‌గఢ్ మైదానానికి చెందిన ఈ చిన్న జాతికి జాతీయ స్థాయిలో గుర్తింపు ఉంది. పాలు తక్కువే. కానీ గట్టి గిట్టలతో బురద మళ్లలో దున్నుతుంది, పెద్దగా దాణా లేకపోయినా నెట్టుకొస్తుంది. ఇలాంటి జాతికి జబ్బు వస్తే బయటికి తొందరగా తెలియదు. ఓర్చుకుంటూ మందతో నడుస్తూనే ఉంటుంది. అందుకే చూసే కన్ను కావాలి.

చెవి, మూతి, డొక్క

దైహాన్‌లో గొడ్లు చేరుతున్నప్పుడు అనుభవమున్న కాపరి ఏం చేస్తాడో దగ్గరగా నిలబడి చూడండి. రోజూ ముందు వరసలో వచ్చే ఆవు ఇవాళ చివర వస్తే అతని చూపు దానిమీద ఆగుతుంది. దగ్గరికెళ్లి చెవి మొదలు పట్టుకుంటాడు. కాలుతుంటే జ్వరం. ఈనిన ఆవుకు చెవులు చల్లబడి, మెడ పక్కకు వాల్చి కూర్చుంటే పాలజ్వరమేమోనని అనుమానం. తర్వాత మూతి. ఆరోగ్యంగా ఉన్న గొడ్డు మూతిమీద సన్నటి చెమ్మ ఎప్పుడూ ఉంటుంది, అది ఎండిపోయిందంటే లోపల వేడి పెరిగినట్టే. ఆ తర్వాత ఎడమ డొక్కలో పిడికిలి ఆనించి కాసేపు నిలబడతాడు. లోపల పెద్ద పొట్ట రెండు నిమిషాలకు రెండు మూడు సార్లు కదిలి పిడికిలిని పైకి నెట్టాలి. కదలిక లేదంటే మేత అరగడం లేదు. డొక్క డప్పులా బిగిసి ఉంటే కడుపుబ్బరం.

చివరిగా నెమరు. ఆవు ఒక్కో ముద్దను నలభై నుంచి డెబ్భై సార్లు నమిలి మింగుతుంది. రోజులో 7, 8 గంటలు ఈ పనే. మధ్యాహ్నం చెట్టునీడన మంద పడుకున్నప్పుడు ఏది నెమరేస్తోంది, ఏది ఊరికే కూర్చుంది అనేది పహటియాకు గడియారం చూడకుండానే తెలుస్తుంది. పశువైద్య కళాశాలలో విద్యార్థికి మొదట నేర్పేదీ ఇదే: ఉష్ణోగ్రత, మూతి, పొట్ట కదలిక, నెమరు. థర్మామీటరు ఒక్కటి తప్ప మిగతా పరీక్షంతా ఈ కాపరి తరాలుగా చేస్తున్నాడు. పైగా అతనికి డాక్టరుకు లేని వెసులుబాటు ఒకటుంది. నిన్న ఈ గొడ్డు ఎలా ఉందో అతనికి తెలుసు.

చలికాలపు కొట్టం

డిసెంబరు, జనవరి నెలల్లో బిలాస్‌పూర్ ప్రాంతంలో రాత్రి ఉష్ణోగ్రత 10 డిగ్రీల దాకా పడిపోతుంది. మంచు దేశాల రైతుకు ఇది చలే కాదు. కానీ వేసవిలో 45 డిగ్రీల ఎండకు అలవాటుపడిన గొడ్డుకు, ముఖ్యంగా లేగదూడకు, ముసలి ఎద్దుకు ఇది గట్టి చలి. నిజానికి చలికంటే చెమ్మ ప్రమాదం. తడినేల మీద పడుకున్న దూడకు ఊపిరితిత్తుల్లో నెమ్ము చేరుతుంది. పాలిచ్చే ఆవుకు పొదుగు వాపు వస్తుంది. అందుకే ఇక్కడి ఇల్లాలు పొద్దున పేడ ఎత్తాక నేలమీద పొడి పిడకల బూడిద చల్లుతుంది, సాయంత్రం పైరా, అంటే వరిగడ్డి, పరుస్తుంది. గాలి వచ్చే వైపు గోనెపట్టా కడతారు, రెండో వైపు తెరిచి ఉంచుతారు. పూర్తిగా మూసేస్తే మూత్రపు ఘాటు పేరుకుని దూడ ఊపిరి చెడుతుంది. ఇంట్లో మనుషులు చలి కాచుకునే గోరసీ, అంటే మట్టి కుంపటి, దూడ ఉన్న మూలకు దూరంగానే పెడతారు, గడ్డి అంటుకోకుండా.

రాత్రి మేత విషయంలో ఒక చక్కని నియమం పాటిస్తారు. పొద్దుగూకాక ఇంకోసారి ఎండుగడ్డి వేస్తారు. ఆవు పెద్ద పొట్ట ఒక పొయ్యి లాంటిది. ఎండుగడ్డి అందులో పులిసేటప్పుడు పుట్టే వేడి తెల్లవారేదాకా ఒంటిని కాస్తుంది. అయితే ఎండుగడ్డి తిన్న గొడ్డుకు నీళ్లు కావాలి, చలిలో అది చల్లటి చెరువునీళ్లు తాగదు. అందుకని వంటింటి గంజి, బియ్యం కడుగు, తవుడు కలిపిన గోరువెచ్చని కుడితిని కోటనా అనే రాతితొట్టిలో పోస్తారు. నీళ్లు తగ్గితే పొట్టలో గడ్డి గట్టిపడిపోతుంది.

ఈ జాగ్రత్త గుర్రానికి ఇంకా ముఖ్యం. బిల్హా వైపు గుర్రాలు ఎక్కువగా కనిపించేది కార్తీక ఏకాదశి తర్వాత మొదలయ్యే పెళ్లి ఊరేగింపుల్లోనే. గుర్రానికి నెమరు లేదు, వాంతి చేసుకోలేదు. చల్లటి నీళ్లు వద్దని మానేసి ఎండుగడ్డి మాత్రమే తింటే పేగుల్లో గడ్డి అడ్డుపడి, కడుపునొప్పితో నేలమీద పొర్లుతుంది. ఊరేగింపు నుంచి చెమటతో వచ్చిన గుర్రాన్ని చలిగాలికి కట్టేయకుండా కాసేపు నడిపించి, ఒళ్లు తుడిచి, గోరువెచ్చని నీళ్లు పెట్టడం దాని ప్రాణం కాపాడే పని.

వరిగడ్డికి ఒక లోపం ఉంది. అందులో మాంసకృత్తులు చాలా తక్కువ. 100 కిలోల గడ్డికి 4 కిలోల యూరియాను నీళ్లలో కరిగించి చల్లి, గాలి చొరకుండా మూడు వారాలు కప్పి ఉంచితే ఆ లోపం కొంత తీరుతుంది. పశుసంవర్ధక శాఖ ఎన్నో ఏళ్లుగా చెబుతున్న పద్ధతి ఇది. నెమరువేసే పెద్ద గొడ్లకు మాత్రమే పెట్టాలి. దూడలకు, గుర్రాలకు పెట్టకూడదు.

తివడా చేను

బిల్హా నేలలో ఇంకో పాతకాలపు ఏర్పాటు ఉంది, పేరు ఉతేరా. వరి కోతకు రెండు మూడు వారాల ముందే, చేలో ఇంకా చెమ్మ ఉండగానే తివడా అనే పప్పు గింజలు చల్లుతారు. వరి కోసేసరికి కింద తివడా మొలకెత్తి ఉంటుంది. దున్నకుండా, నీళ్లు పెట్టకుండా పండే ఈ పప్పు మాఘ, ఫాల్గుణాల్లో చేతికొస్తుంది. లేత ఆకు మనుషులకు కూర, గింజ తీసిన తర్వాత మిగిలే పొట్టు గొడ్లకు మంచి మేత.

అయితే తివడా గింజలో నరాలను దెబ్బతీసే విషం ఉంది. కరువు రోజుల్లో నెలల తరబడి ఇదే తిన్నవాళ్ల కాళ్లు పడిపోయాయి. ఆ విషాన్ని 1964లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్‌లో వేరుచేసి గుర్తించిన శాస్త్రవేత్తల్లో ఎస్.ఎల్.ఎన్. రావు ఒకరు. తర్వాత ఆయన హైదరాబాదు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో పనిచేశారు. పశువుల్లో ఈ విషానికి అందరికంటే ముందు లొంగేది గుర్రం. వెనక కాళ్లు తూలతాయి, గొంతు నరం దెబ్బతిని పరుగులో ఊపిరి గురగురలాడుతుంది. ఆవులు, ఎద్దులు చాలావరకు తట్టుకుంటాయి. అయినా కాపరులు పచ్చి తివడా చేలోకి ఆకలితో ఉన్న మందను వదలరు. ముందు ఎండుగడ్డి తిననిచ్చి, తర్వాత కొద్దిసేపే మేపుతారు. ఖాళీ కడుపుతో పచ్చి కాయజాతి మేత మేస్తే డొక్క ఉబ్బి గంటల్లో ప్రాణం పోతుందని వాళ్లకు బాగా తెలుసు.

గాలికుంటు వచ్చినప్పుడు

చలి చివర్లో, వసంతం మొదట్లో భయపెట్టేది గాలికుంటు. ఇక్కడ ఖురహా-చపకా అంటారు. జ్వరం, నోటినుంచి తీగలు సాగే చొంగ, నాలుకమీద, గిట్టల మధ్య బొబ్బలు. పెద్ద గొడ్లు సాధారణంగా బతుకుతాయి. దూడలు గుండె దెబ్బతిని చనిపోవచ్చు. అందుకే జబ్బుపడ్డ తల్లి దగ్గర దూడను కుడవనివ్వకూడదు. పటికనీళ్లతో నోరు కడగడం, వేపాకు కాచిన నీళ్లతో గిట్టలు తుడిచి ఈగలు వాలకుండా చూడటం, గంజి, జావ లాంటి మెత్తటి మేత పెట్టడం ఇక్కడి ఉపచారం. వైరస్‌కు ఇది మందు కాదు. పుండు మానేదాకా గొడ్డును నిలబెడుతుంది.

పొదుగు వాపుకు వాడే ఒక పూతను ఇప్పుడు జాతీయ పాడి అభివృద్ధి బోర్డు కూడా ప్రచారం చేస్తోంది. 250 గ్రాముల కలబంద, 50 గ్రాముల పసుపు, 15 గ్రాముల సున్నం రుబ్బి, పొదుగును కడిగి పాలు పూర్తిగా పిండేశాక రోజుకు పలుమార్లు పూయడం. పాలలో రక్తం, చీము కనిపిస్తే, జ్వరం ఉంటే వెంటనే డాక్టరును పిలవాలి.

ఈ సంప్రదాయంలోని బలహీనత కూడా ఇక్కడే ఉంది. ఊరి గొడ్లన్నీ ఒకే దైహాన్‌లో నిలబడి, ఒకే చెరువులో తాగితే ఒక గొడ్డు జబ్బు వారంలో ఊరంతటికీ పాకుతుంది. కాపరి కాళ్లకంటిన పేడే దాన్ని పక్క ఊరికి మోయగలదు. అనుమానమున్న గొడ్డును మందలోకి రానివ్వకుండా వెనక్కి పంపే అధికారం కాపరికి ఉంటేనే పద్ధతి నిలుస్తుంది. పశువుల గాలికుంటు నిర్మూలన కోసం 2019 సెప్టెంబరులో మొదలైన జాతీయ కార్యక్రమం ఆరు నెలలకోసారి ఉచితంగా టీకా వేయిస్తోంది. మందలో కొన్నిటికి వేసి కొన్నిటిని వదిలేస్తే ఆ శ్రమ వృథా. ఏ ఇంట్లో ఎన్ని ఉన్నాయో, ఏది చూలుతో ఉందో, ఏది కొత్తగా సంతలో కొన్నదో పహటియా నోటిమీద ఉంటుంది. ముద్దచర్మ వ్యాధి 2019లో ఒడిశాలో కనిపించి 2022లో దేశమంతా పాకినప్పుడు, మన గొడ్లకోసం స్వదేశీ టీకా తయారుచేసిన సంస్థల్లో ఒకటి హిసార్‌లో గుర్రాల కోసం పెట్టిన జాతీయ పరిశోధన కేంద్రం. టీకా ప్రయోగశాలలో పుడుతుంది. ప్రతి గొడ్డుకూ అందాలంటే కాపరి కావాలి.

చేయి తగలని గొడ్డు ఉండకూడదు

రౌత్‌ల పండగల్లోనూ ఈ శ్రద్ధే కనిపిస్తుంది. దీపావళి రోజుల్లో మోదుగ వేళ్ల నార, నెమలి ఈకలతో అల్లిన సోహై అనే మాలను కాపరి తాను మేపే గొడ్ల మెడలో కడతాడు. కార్తీక ఏకాదశి నుంచి బిలాస్‌పూర్ వీధుల్లో రౌత్ నాచా మోగుతుంది. మన లెక్కలో ఆషాఢ అమావాస్యనాటి హరేలీకి పిండిముద్దల్లో అడవి దుంపలు, మూలికలు, ఉప్పు కలిపి గొడ్లకు తినిపిస్తారు. మెడలో మాల కట్టాలన్నా, నోట్లో ముద్ద పెట్టాలన్నా ప్రతి గొడ్డునూ చేత్తో తాకాల్సిందే. చలికాలం ముందు ఒకసారి, వానాకాలం మధ్యలో ఒకసారి మంద మొత్తం ఇలా ఒక జతచేతుల కిందుగా నడుస్తుంది.

ఫాల్గుణంలో మోదుగలు పూచేసరికి చలి పోతుంది, పిడుదులు, జోరీగలు బయలుదేరతాయి. చలికాలమంతా ఎండుగడ్డి తిన్న గొడ్లకు ఇప్పుడు ఎముకలు తేలి ఉంటాయి. కొట్టం గోడల పగుళ్లకు మట్టి, పేడ మెత్తి పిడుదుల గూళ్లు మూస్తారు. దూడలకు నట్టల మందు, వానలకు ముందే గొంతువాపు, జబ్బవాపు టీకాలు వేయించాలి. తివడా ఎత్తాక మంద మళ్లీ ఖాళీ చేలల్లోకి వెళుతుంది.

ఇప్పుడు ఆ మందే చెదిరిపోతోంది. ట్రాక్టరు వచ్చాక ఎద్దు అక్కర్లేదు, కాపరికి ఇచ్చే వడ్లు గిట్టుబాటు కావడం లేదు, రౌత్ యువకులు వేరే పనులు వెతుక్కుంటున్నారు. కాపరి లేని గొడ్లు రోడ్డెక్కి రాత్రిపూట లారీల కింద పడుతున్నాయి. బిలాస్‌పూర్‌లోని హైకోర్టు ఈ విషయాన్ని తనంతట తానే విచారణకు తీసుకుంది. 2020 జులై 20న, హరేలీ రోజున, ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం కిలో 2 రూపాయలకు పేడ కొనే పథకం మొదలుపెట్టింది. పేడకు ధర కట్టగలిగినవాళ్లం కాపరి జ్ఞానానికి కూడా ధర కట్టగలం. పంచాయతీ అతనికి నెలజీతం ఇవ్వాలి, టీకా రోజున అతన్ని జట్టులో చేర్చాలి, అతని చేతికి ఒక థర్మామీటరు, పశువైద్యుడి ఫోను నంబరు, జబ్బు గొడ్డును వెనక్కి పంపే అధికారం ఇవ్వాలి. బిల్హాలో అయినా, ఆంధ్ర, తెలంగాణ పల్లెల్లో అయినా ఇది పెద్ద ఖర్చు కాదు. గొడ్డు నేలకూలాక పెట్టే ఖర్చుతో పోలిస్తే, దాని నలతను ఒక రోజు ముందే కనిపెట్టే మనిషిని పోషించుకోవడమే ఊరికి లాభం.