ఏడాది పొడుగునా ప్రపంచ సినిమా - రచయితకు మిగిలేదేమిటి?

వారానికొకటి చొప్పున ఏడాదిలో 52 ప్రపంచ సినిమాలు, ప్రామాణికమని పేరుపడ్డ పాత సినిమాలు చూసి తీరాలన్న పట్టుదల ఇవాళ సాహిత్య విద్యార్థుల్లో, యువ రచయితల్లో కనిపిస్తోంది. ఒక్కో దేశం నుంచి ఒకటి, ఒక్కో దశాబ్దం నుంచి ఒకటి అని నియమాలు పెట్టుకుంటారు. చూసినవాటికి టిక్కు పెట్టుకుంటూ పోతారు. అలాంటి జాబితాను నేనూ గత ఏడాది పూర్తి చేశాను. ఈ వ్యాసం ఆ 52 సినిమాల పరిచయం కాదు. లెక్క పూర్తయ్యాక రచయిత చేతిలో ఏం మిగులుతుంది, అభ్యుదయ సాహిత్యానికి దానితో పనేమిటి అన్నదే ఇక్కడి ప్రశ్న.

ముందుగా జాబితా సంగతి. గొప్ప సినిమాల జాబితా ఆకాశం నుంచి ఊడిపడదు. దాన్ని కొందరు తయారు చేస్తారు. బ్రిటన్ పత్రిక 'సైట్ అండ్ సౌండ్' 1952 నుంచి పదేళ్లకొకసారి విమర్శకుల ఓట్లతో ఇలాంటి జాబితా ప్రకటిస్తోంది. 1952లో మొదటి స్థానం డి సికా తీసిన 'బైసికిల్ థీవ్స్'ది. 1962 నుంచి 2002 దాకా అయిదు సార్లు వరుసగా ఆ స్థానం 'సిటిజన్ కేన్'ది. 2012లో 'వెర్టిగో' దాన్ని దాటింది. 2022లో ఓటర్ల సంఖ్య 1,600 దాటేసరికి బెల్జియం దర్శకురాలు శంటాల్ అకర్మాన్ తీసిన 'జాన్ డీల్మన్' మొదటికి వచ్చింది. ఒక స్త్రీ తీసిన సినిమా ఆ స్థానంలోకి రావడం అదే మొదటిసారి. ఈ డెబ్భై ఏళ్లలో ఆ సినిమాల్లో ఒక్క ఫ్రేము మారలేదు. మారింది ఓటు వేసేవాళ్లు. విలువల నిర్ణయంలో ఎవరికి చోటు దొరికితే వాళ్ల జీవితం కళగా గుర్తింపు పొందుతుందనడానికి ఇంతకన్న స్పష్టమైన ఉదాహరణ అక్కరలేదు. కనుక జాబితాను అనుసరించేవాడు దాని చరిత్రను కూడా తెలుసుకోవాలి. లేకపోతే ఇంకొకరి అభిరుచిని తన సంస్కారంగా భ్రమిస్తాడు.

అయితే జాబితాలన్నీ బూర్జువా కుట్ర అని కొట్టిపారేయడం కూడా తేలికపాటి పనే. 1952లో మొదట నిలిచినదీ 2022లో మొదట నిలిచినదీ పక్కపక్కన పెట్టి చూస్తే ఒక విశేషం బయటపడుతుంది. రెండింటి వస్తువూ శ్రమే. ఒకటి పని దొరకని మగవాడి కథ. మరొకటి పనికి అంతులేని ఆడదాని కథ.

'బైసికిల్ థీవ్స్' 1948 నాటిది. రచనలో చెజారే జవట్టీనిది ప్రధాన పాత్ర. ప్రధాన పాత్రధారి లాంబెర్టో మజ్జొరానీ వృత్తి నటుడు కాదు, ఫ్యాక్టరీ కార్మికుడు. యుద్ధానంతర రోమ్ నగరంలో ఆంటోనియోకి గోడలకు పోస్టర్లు అంటించే పని దొరుకుతుంది. సైకిల్ ఉంటేనే పని. సైకిల్ తాకట్టులో ఉంది. భార్య మరియా మంచం మీది దుప్పట్లు లాగేసి, మూటకట్టి, తాకట్టు కొట్టుకు తీసుకుపోతుంది. సైకిల్ విడిపిస్తారు. ఆ దుప్పట్ల మూటను కొట్టు మనిషి ఎక్కడ పెడతాడో కెమెరా చూపిస్తుంది. నిచ్చెన మెట్లలా పైకి లేచిన అరల మీదికి ఎక్కుతూ పోతాడు. ఆ అరల నిండా అలాంటి మూటలే. ఒక్క మాట లేదు. ఈ కుటుంబం ఒంటరిది కాదని, నగరంలో సగం మంది తమ పక్కబట్టలు కుదువపెట్టి బతుకుతున్నారని మనకు అర్థమవుతుంది. మన కథకుడైతే ఇక్కడ ఆంటోనియో నోట ఒక పేరా ఉపన్యాసం చెప్పించి ఉండేవాడు. డి సికా అరలు చూపించాడు. వర్గాన్ని చూపడమంటే ఏమిటో ఆ అరలు చెబుతాయి.

ఆంటోనియో మొదటిరోజు అంటించే పోస్టర్ హాలీవుడ్ తార రీటా హేవర్త్‌ది. జిగురు సరిగా పట్టిందో లేదో, ముడత పడిందేమో అని చూసుకుంటూ ఉండగానే సైకిల్ పోతుంది. అమెరికన్ విలాసపు బొమ్మను సరిగ్గా అతికించడమే అతని కూలి. ఈ వ్యంగ్యాన్ని సినిమా విప్పి చెప్పదు. పని చేస్తున్న చేతుల్ని చూపి ఊరుకుంటుంది.

ఇక 'జాన్ డీల్మన్'. అకర్మాన్ పాతికేళ్లు నిండకముందే 1975లో తీసిన ఈ సినిమా నిడివి 201 నిమిషాలు. బ్రసెల్స్‌లో ఒక వితంతువు మూడు రోజుల జీవితం. వంట, గిన్నెలు, పక్క సర్దడం, కొడుక్కి భోజనం, మధ్యాహ్నం ఇంటికి వచ్చే విటుడు. కెమెరా కదలదు. ఆమె బంగాళాదుంపలు చెక్కు తీస్తుంటే మనమూ అంతసేపూ చూడాలి. రెండో రోజు దుంపలు మాడిపోతాయి. అంతవరకు గడియారంలా నడిచిన ఇంట్లో అదొక భూకంపం. మూడో రోజు హత్య జరుగుతుంది. హత్య కన్న మాడిన దుంపలే మనల్ని ఎక్కువ కలవరపెడతాయి. కారణం ఉంది. ఇంటిపనిని మిగతా సినిమాలన్నీ రెండు దృశ్యాల మధ్య కత్తిరించి పారేస్తాయి. జీతం లేని పనికి తెరమీద కాలం కూడా దక్కదు. అకర్మాన్ ఆ కాలాన్ని తిరిగి ఇచ్చింది. శిల్పం అంటే అలంకారం అనుకునేవాళ్లు ఇక్కడ ఆగి ఆలోచించాలి. ఈ సినిమాలో నిడివే వస్తువు. 90 నిమిషాలకు కుదిస్తే కథ మిగులుతుంది, సారం పోతుంది.

రచయితలకు మరింత దగ్గరివాడు సెనెగల్ దేశపు ఊస్మాన్ సెంబేన్. మార్సెయ్ రేవులో కూలిగా పనిచేశాడు, కార్మిక సంఘంలో తిరిగాడు, రైల్వే కార్మికుల సమ్మె మీద నవల రాశాడు. కాని ఆయన రాసింది ఫ్రెంచిలో. ఎవరి గురించి రాశాడో వాళ్లకు ఆ భాష చదవడం రాదు. అందుకని నలభై ఏళ్లకు దగ్గరపడుతున్న వయసులో మాస్కో వెళ్లి సినిమా నేర్చుకున్నాడు. 1966లో వచ్చిన 'బ్లాక్ గర్ల్' తన కథ ఆధారంగానే తీశాడు. డకార్ నుంచి పిల్లల్ని చూసుకునే పనికని ఫ్రాన్స్ వెళ్లిన డియువానాకు అక్కడ వంటగది, స్నానాల గది, తన గది తప్ప ఏ ఫ్రాన్సూ కనపడదు. యజమానురాలికి తాను కానుకగా ఇచ్చిన కొయ్య ముసుగు గోడమీది వింత వస్తువైపోతుంది. చివరికి ఆమె ప్రాణం తీసుకుంటుంది. యజమాని ముసుగును, డబ్బును పట్టుకుని డకార్ వస్తే తల్లి ఆ డబ్బు ముట్టదు. ఒక పిల్లవాడు ఆ ముసుగు మొహానికి పెట్టుకుని అతని వెంట పడతాడు. స్వాతంత్ర్యం వచ్చింది, దాస్యం రూపు మార్చుకుంది అన్న మాట ఏ పాత్రా అనదు.

ఈ సినిమా చూసినవాడికి బి. నర్సింగరావు 'దాసి' (1988) గుర్తురాక తప్పదు. నిజాం కాలపు తెలంగాణ గడీలో అర్చన నటించిన దాసి రోజంతా చేసే చాకిరీ ఆ సినిమాకు వెన్నెముక. దొర ఆమె శరీరం మీద చేసే దౌర్జన్యం ఆ చాకిరీలో భాగంగానే వస్తుంది. అందుకే అది ఎక్కువ భయంకరం. మృణాల్ సేన్ ప్రేమ్‌చంద్ 'కఫన్' ఆధారంగా తెలుగులో తీసిన 'ఒక ఊరి కథ' (1977) ఇంకొక వైపు నుంచి వస్తుంది. ఒళ్లు వంచి పనిచేస్తే దొర కొట్టం నిండుతుంది తప్ప మన కడుపు నిండదని తేల్చుకుని పని మానేసిన తండ్రీకొడుకుల కథ అది. వాళ్ల తిరుగుబాటు సోమరితనంగా కుళ్లిపోతుంది. దాని భారం ఇంటికొచ్చిన కోడలి మీద పడుతుంది. శ్రమను నిరాకరించేవాడు కూడా ఇంట్లో ఒక ఆడదాని శ్రమ మీద బతుకుతాడన్న చేదు నిజాన్ని మన భాషలోనే, బెంగాలీ దర్శకుడొకడు చెప్పి వెళ్లాడు. ప్రపంచ సినిమా జాబితా వేసుకునే మన విద్యార్థుల్లో ఎందరు ఈ రెండింటినీ అందులో చేర్చుకుంటున్నారు?

ఇక్కడ ఒక అభ్యంతరం రావచ్చు. దుప్పట్లు, దుంపలు, ముసుగులు అంటూ వివరాల్లో మునిగితే ఇది రూపవాదం కాదా, రాజకీయం పక్కకు పోదా అని. న్యాయమైన ప్రశ్నే. జవాబుగా మరో సినిమా ఉంది. 1966లో పొంటెకొర్వో తీసిన 'బాటిల్ ఆఫ్ అల్జీర్స్' వలస పాలన మీద ప్రజల పోరాటాన్ని నేరుగా చిత్రించింది. పోరాటంలో పాల్గొన్న సాదీ యాసెఫ్ అందులో నటించాడు. ఫ్రాన్స్ దాన్ని కొన్నేళ్లు ఆపింది. అదే సినిమాను 2003లో, ఇరాక్ ఆక్రమణ సాగుతుండగా, అమెరికా రక్షణ శాఖ తన అధికారులకు వేసి చూపించింది. ప్రజలు చూసి పోరాటం నేర్చుకునే సినిమాను చూసి పాలకులు అణచివేత నేర్చుకోవచ్చు. కనుక వస్తువు ఎంత విప్లవాత్మకమైనా పని అంతటితో పూర్తి కాదు. ఎవరు, ఎవరితో కలిసి, ఎందుకు చూస్తున్నారన్నది మిగిలే ఉంటుంది. అర్జెంటీనాలో సొలానస్, గెటీనో 1968లో పూర్తి చేసిన 'అవర్ ఆఫ్ ద ఫర్నేసెస్' ఈ సంగతి గుర్తించింది. సైనిక పాలన కింద రహస్యంగా చూపించిన ఆ సినిమాను మధ్యలో ఆపి చర్చించుకోవడానికి వీలుగా వాళ్లు నిర్మించారు.

మన దేశంలో ఫిల్మ్ సొసైటీల సంప్రదాయం కూడా అదే. 1947లో సత్యజిత్ రాయ్, చిదానంద దాస్ గుప్తా మొదలైనవాళ్లు కలకత్తా ఫిల్మ్ సొసైటీ పెట్టారు. కలిసి చూసి, వాదించుకుని, రాసుకున్నవాళ్ల మధ్య నుంచే 1955లో 'పథేర్ పాంచాలి' వచ్చింది. ఈనాడు సినిమా ఫోన్‌లోకి వచ్చింది. ఏ ఊళ్లో ఉన్నా డి సికాను చూడగలగడం మంచిదే. కాని ఒంటరిగా చూసి, మార్కులు వేసి, తర్వాతి దానికి పోయే అలవాటు సినిమాను సరుకుగా మారుస్తుంది. 52 అన్న అంకె ఆ సరుకుకు కట్టిన లెక్క మాత్రమే.

రచయితగా ఈ ఏడాది నా ముందు పెట్టిన ప్రశ్న మన కథల గురించినది. మన అభ్యుదయ కథల్లో కార్మికుడు సమ్మె చేస్తాడు, ఉపన్యసిస్తాడు, లాఠీ దెబ్బలు తింటాడు. అతను పని చేస్తుండగా మనం ఎన్నిసార్లు చూశాం? రైతుకూలీ ఆవేశం మనకు తెలుసు. నాటు వేసేటప్పుడు ఆమె నడుము ఏ గంటకు పట్టేస్తుందో ఎన్ని కథలు చెప్పాయి? కాళీపట్నం రామారావు 'యజ్ఞం' మీద సాగిన వాదోపవాదాలు చాలావరకు ముగింపులో సీతారాముడు చేసిన పని చుట్టూ తిరిగాయి. నిజానికి ఆ కథ బలమంతా అంతకుముందు ఓపికగా విప్పిన అప్పు లెక్కలో, ఊరి అభివృద్ధి చరిత్రలో, పంచాయితీలో ఉంది. ఆ లెక్క లేకుంటే ఆ ముగింపు ఉత్త సంచలనమయ్యేది. డి సికా అరలూ అకర్మాన్ దుంపలూ కూడా చేసింది ఆ పనే.

కనుక ఇలాంటి నియమం పెట్టుకునే మిత్రులకు నా సూచన ఇది. అంకె తగ్గించుకోండి. 52 బదులు 12 చాలు. నలుగురు కలిసి చూడండి. చూశాక కథ చెప్పుకోవద్దు. ఇందులో పని ఎవరు చేశారు, ఆ పనిని తెర ఎంతసేపు చూపించింది, ఎక్కడ కత్తిరించింది అని అడగండి. ఆ తర్వాత మీరు రాసిన చివరి కథ తీసి, అవే మూడు ప్రశ్నలు దానికీ వేయండి.