లేని ఫైలును వెతకొద్దు, పుట్టించండి

కొత్త ప్రాజెక్టును గిట్ నుంచి దించుకుని నడపగానే తెర మీద ఎర్రటి అక్షరాలు. ఫలానా కాన్ఫిగరేషన్ ఫైలు దొరకలేదట. ఫోల్డర్లన్నీ గాలించినా అది ఎక్కడా ఉండదు. తోటివాడి ల్యాప్‌టాప్‌లో మాత్రం భేషుగ్గా ఉంటుంది. కోడ్ అదే, బ్రాంచి అదే. అక్కడ యాప్ నడుస్తుంది, ఇక్కడ నడవదు. క్లౌడ్ పనిముట్లతో పని నేర్చుకునేవాళ్లకు తొలి రోజుల్లోనే ఎదురయ్యే అడ్డంకి ఇది. దీన్ని దాటడానికి మనం ఎంచుకునే పద్ధతిలోనే మన పనితనం ఎలా ఉండబోతోందో తేలిపోతుందని నా నమ్మకం.

రాయ్‌పూర్‌లో ఆదివారాలు నా దగ్గర కోడింగ్ నేర్చుకునే పిల్లల్లో చాలామంది తెలుగువాళ్లు. 1931లో విజయనగరం లైను రాయ్‌పూర్ దాకా పూర్తయింది. ఆ పట్టాల వెంబడి శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వచ్చి రైల్వేలో కుదురుకున్న కుటుంబాల మూడో తరం, నాలుగో తరం వీళ్లు. ఇంట్లో తెలుగు, వీధిలో హిందీ, ఛత్తీస్‌గఢీ, తెర మీద ఇంగ్లిషు. ఈమధ్య వాళ్లలో ఒకమ్మాయి ఈ ఎర్రర్ చూపించి, “మాస్టారూ, మా టీములో ఒకడి దగ్గర ఆ ఫైలుంది. వాట్సాప్‌లో పంపించమంటాను, సరిపోతుంది కదా?” అంది. సరిపోదన్నాను. ఎందుకు సరిపోదో అందరికీ చెప్పాలనిపించి ఈ వారం ఇది రాస్తున్నాను.

ముందు ఆ ఫైలు ఏమిటో చూద్దాం. అమెజాన్ వాళ్ల ఆంప్లిఫైని ఉదాహరణగా తీసుకుంటాను. వెబ్, మొబైల్ యాప్‌లకు కావలసిన లాగిన్, డేటాబేస్, ఫొటోల నిల్వ వంటివాటిని క్లౌడ్‌లో అమర్చిపెట్టే పనిముట్టు అది. 2017 చివర్లో వచ్చింది. మనకేం కావాలో చెప్పి పుష్ కమాండు ఇస్తే వాటిని అక్కడ కడుతుంది. కట్టడం పూర్తయ్యాక, ఏ రీజియన్‌లో కట్టిందీ, లాగిన్ అయ్యేవాళ్ల వివరాలు దాచే యూజర్ పూల్ గుర్తింపు సంఖ్య ఏమిటీ, ఏపీఐ చిరునామా ఏమిటీ అన్న వివరాలన్నీ ఒక ఫైల్లో రాసి మన కోడ్ పక్కన పెడుతుంది. మొదటి తరంలో దాని పేరు ఏడబ్ల్యూఎస్-ఎక్స్‌పోర్ట్స్. 2024లో అందరికీ అందుబాటులోకి వచ్చిన రెండో తరంలో ఆంప్లిఫై-అవుట్‌పుట్స్. గూగుల్ ఫైర్‌బేస్‌తో ఫ్లట్టర్ యాప్ కట్టేవాళ్లకు ఫైర్‌బేస్-ఆప్షన్స్ అనే ఫైలు ఇలాగే పుడుతుంది.

ఈ ఫైళ్లను మనిషి రాయడు. క్లౌడ్‌లో ఉన్న అసలు కట్టడాన్ని చూసి యంత్రం రాస్తుంది. అందుకే చాలా చోట్ల వీటిని గిట్‌లో చేర్చరు. ఆంప్లిఫై అయితే గిట్‌ఇగ్నోర్ అనే జాబితాలో తన ఫైళ్ల పేర్లను ముందే చేరుస్తుంది. కాబట్టి కోడ్ దించుకున్నప్పుడు ఆ ఫైలు రాకపోవడం లోపం కాదు, అది అలా రాకుండా ఉండాలనే ఏర్పాటు. భూమి రికార్డుల నుంచి ఛత్తీస్‌గఢ్‌లో రైతుకిచ్చే బి-1 నకలు, ఆంధ్రలో రైతుకిచ్చే 1-బి నకలు ఎలాంటివో ఇదీ అలాంటిదే. నకలు పోతే కొత్తది రికార్డులోంచి తీయిస్తాం గానీ, పక్క రైతు కాగితం తెచ్చి మన పొలానిదిగా చూపించం. చేత్తో రాసుకుని సంతకం పెట్టుకోం. నిరుటి నకలు దొరికినా, ఆ తర్వాత జరిగిన మార్పులు అందులో ఉండవు.

ఇక్కడ చాలామందికి ఒక అపోహ ఉంది. ఆ ఫైలు రహస్యం కాబట్టి గిట్‌లో పెట్టరని అనుకుంటారు. నిజానికి అందులోని వివరాలు బ్రౌజరులోకో ఫోన్‌లోకో చేరేవే. యాప్ తెరిచిన ఎవరైనా కాస్త ఓపిక పడితే చూడగలరు. ఫైర్‌బేస్ ఏపీఐ కీ అయినా ప్రాజెక్టు ఏదో గుర్తుపట్టడానికే. అక్కడ కాపలా కాసేవి సెక్యూరిటీ రూల్స్. నిజమైన రహస్యాలు వేరే ఉన్నాయి. క్లౌడ్ ఖాతానే తెరిచే యాక్సెస్ కీలు అలాంటివి. 2016లో ఉబర్ సంస్థ ప్రైవేటు గిట్‌హబ్ భాండారంలోకి దొంగలు చొరబడి, అక్కడున్న అమెజాన్ క్లౌడ్ కీలతో 5.7 కోట్ల మంది వివరాలు ఎత్తుకుపోయారు. ఆ కీలను గిట్‌కు దూరంగా ఉంచేది భయంతో. మన ఫైలును దూరంగా ఉంచేది మాత్రం అది ఒక్కో వాతావరణానికి (ఎన్విరాన్‌మెంటుకు) ఒక్కోలా ఉంటుంది కాబట్టి. డెవలప్‌మెంటుకు ఒకటి, పరీక్షకు ఒకటి, జనం వాడే ప్రొడక్షన్‌కు ఒకటి. రెండో తరం ఆంప్లిఫైలో ప్రతి డెవలపరుకూ సొంత శాండ్‌బాక్స్ ఉంటుంది, దానికొక ఫైలు ఉంటుంది.

వాట్సాప్ దారి ఎందుకు కూడదో ఇప్పుడు తేలిక. తోటివాడి ఫైలు తెచ్చి పెట్టగానే ఎర్రర్ పోతుంది, యాప్ తెరుచుకుంటుంది. కానీ ఆ యాప్ మాట్లాడేది తోటివాడి బ్యాకెండ్‌తో. మనం సరదాగా ఎక్కించిన పరీక్ష డేటా వాడి పట్టికల్లో పడుతుంది. మనం మార్చిన స్కీమా మన దగ్గర ఒకలా, అక్కడ ఒకలా ఉంటుంది. వాడు పంపింది ప్రొడక్షన్ ఫైలైతే మనం చెరిపేది నిజమైన మనుషుల వివరాలను. ఎర్రర్ కనబడినంతసేపూ తప్పు మన కళ్లెదుట ఉంది. అరువు ఫైలు దాన్ని కనబడని చోటికి నెట్టేస్తుంది. లోపలి వివరాలు ఖాళీగా వదిలి అదే పేరుతో ఉత్త ఫైలు సృష్టించడమూ అంతే. బిల్డు దాటుతుంది, లాగిన్ దగ్గర కూలబడుతుంది. అప్పుడు వెతుకులాట లాగిన్ కోడ్‌లో మొదలవుతుంది, అక్కడ ఏ తప్పూ ఉండదు.

అందుకే నా దగ్గరికొచ్చే పిల్లలకు ఫైలు ఎక్కడుందని కాకుండా, దాన్ని ఎవరు పుట్టిస్తారని అడగడం నేర్పుతాను. ఆ ఒక్క ప్రశ్న వేస్తే మిగతావి వరసగా వస్తాయి.

ముందుగా గిట్‌ఇగ్నోర్ తెరిచి ఆ పేరుందో లేదో చూడాలి. ఉంటే, ఏ కమాండు దాన్ని పుట్టిస్తుందో తెలుసుకోవాలి. ఆంప్లిఫై మొదటి తరంలో బ్యాకెండ్ అప్పటికే ఉంటే పుల్ కమాండు చాలు. రెండో తరంలో శాండ్‌బాక్స్ నడపాలి, లేదా ఫలానా బ్రాంచి అవుట్‌పుట్స్ కావాలని జనరేట్ కమాండు ఇవ్వాలి. ఫ్లట్టర్‌కు ఫ్లట్టర్‌ఫైర్ కాన్ఫిగర్ కమాండు ఉంది.

తర్వాత ఆ కమాండుకు కావలసిన ముడిసరుకు మన దగ్గర ఉందా? ఆంప్లిఫై ఫోల్డరునే ఎవరో పొరపాటున గిట్‌కు ఎక్కించకుండా వదిలేస్తే, అందులోని నిర్వచనాలు లేకుండా శాండ్‌బాక్స్ నడపడం లాంటి కమాండ్లు పనిచేయవు.

ఆపైన అధికారం. మన ల్యాప్‌టాప్‌లో ఉన్న ప్రొఫైలు ఏ ఖాతాది? ఏ రీజియన్‌ది? 2016లో ముంబయిలో, 2022 నవంబరులో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ రీజియన్లు తెరిచారు. టీము బ్యాకెండును ముంబయిలో కట్టి, మన సెట్టింగు హైదరాబాద్ చూపిస్తుంటే, అక్కడ ఏమీ లేదనే జవాబు వస్తుంది. అది అబద్ధం కాదు. మనం అడిగిన చోట నిజంగానే ఏమీ లేదు.

అన్నీ సరిగ్గా ఉంటే, కమాండు చివరిదాకా నడిచిందా అని చూడాలి. నేను అన్నిటికన్నా ఎక్కువసేపు ఆగేది ఇక్కడే. ఈ ఫైలు పనంతా ముగిశాక రాసేది. వెనుక కట్టడాన్ని నడిపించేది క్లౌడ్‌ఫార్మేషన్ అనే సేవ. అందులో ఒక్క వనరు విఫలమైనా, మామూలుగా అది చేసిన మార్పులన్నీ వెనక్కి తీసేస్తుంది. అప్పుడు ఫైలు పుట్టదు, లేదా పాతదే మిగులుతుంది. మన కంటికి కనిపించే ఎర్రర్ చివరిది. అసలు తప్పు లాగ్‌లో ఎక్కడో పైన ఉంటుంది. కిందినుంచి పైకి పోతూ మొదటి వైఫల్యం దగ్గర ఆగి చదవాలి. ఆ చదివే ఓపికే ఈ వృత్తిలో పెద్ద చదువు. కమాండు మధ్యలో ఆగడానికి ఇంకో కారణమూ ఉంది: రాయ్‌పూర్‌లో ఎండాకాలం సాయంత్రాలు గాలిదుమారం లేచి కరెంటు పోతుంది. పుష్ మధ్యలో ఇంట్లో నెట్టు పోయినా క్లౌడ్‌లో కట్టడం కొనసాగవచ్చు. ఫైలు రాయాల్సిన కమాండు మాత్రం మన దగ్గర ఆగిపోయి ఉంటుంది. అలాంటప్పుడు కంగారుగా అన్నీ చెరిపేయకుండా, ముందు కన్సోల్‌లో స్థితి చూసి, ఆ తర్వాతే కమాండు మళ్లీ ఇవ్వాలి.

ఇక మిగిలింది, ఫైలు పుట్టి వేరే చోట పడి ఉండటం. దాన్ని ఏ ఫోల్డర్లో పెట్టాలో ప్రాజెక్టు సెట్టింగుల్లో రాసి ఉంటుంది. కోడ్ ఇంకో చోట వెతుకుతుంటే రెండూ కలవవు. పేరులో పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా విండోస్ ల్యాప్‌టాప్‌లో చెల్లిపోతుంది. లినక్స్ బిల్డు సర్వరు దగ్గర చెల్లదు. మన దగ్గర నడిచి సర్వరు మీద నడవకపోతే ఇంకొకటి కూడా చూడాలి. ఆ సర్వరు కూడా గిట్ నుంచే కోడ్ తీసుకుంటుంది. దానికీ ఆ ఫైలు రాదు. బిల్డు మెట్లలో ముందు బ్యాకెండు, తర్వాత ఫ్రంటెండు అన్న వరస ఉండాలి. బ్యాకెండును కట్టే అనుమతి ఆ సర్వరు పాత్రకు (రోల్‌కు) ఇచ్చి ఉండాలి.

ఇదంతా క్లౌడ్ తెచ్చిన కొత్త తలనొప్పి అనుకుంటారు గానీ, కాదు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే పనిముట్టు రాశాడు. ఆయన సహోద్యోగి స్టీవ్ జాన్సన్ ఒక ఉదయమంతా ఒక తప్పు కోసం వెతికాడు. తప్పు అప్పటికే దిద్దేశాడు. దిద్దిన ఫైలును మళ్లీ కంపైల్ చేయలేదు, అంతే. నడుస్తున్నది పాత ఫలితం. ఏ ఫైలు దేనినుంచి పుడుతుందో, ఏది మారితే ఏది మళ్లీ పుట్టాలో రాసిపెడితే ఈ బాధ ఉండదన్న ఆలోచన మేక్ అయింది. 1991లో ఆటోకాన్ఫ్ వచ్చాక, భాండారం నుంచి నేరుగా కోడ్ దించుకున్నవాళ్లు కాన్ఫిగర్ స్క్రిప్టు లేదేమని వెతుక్కునేవారు. దాన్నీ పుట్టించుకోవాల్సిందే. అప్పుడు పుట్టించే వస్తువు మన యంత్రంలోనే ఉండేది. ఇప్పుడు సగం వందల మైళ్ల అవతల ఉంది. మారింది దూరం ఒక్కటే.

ఈ దూరం రాయ్‌పూర్ పిల్లల మీద ఎక్కువ బరువు మోపుతుంది. ఈ ఊళ్లో చదువుకు లోటు లేదు. 1956లో గనుల, లోహశాస్త్ర కళాశాలగా మొదలైన సంస్థ ఇవాళ ఎన్ఐటీ. 2015 నుంచి నవా రాయ్‌పూర్‌లో ట్రిపుల్ ఐటీ ఉంది. 2025 మేలో అక్కడే ఏఐ డేటా సెంటర్ పార్కుకు శంకుస్థాపన జరిగింది. బెంగళూరు కుర్రాడి చేతిలో ఉన్న పనిముట్లే ఇక్కడి అమ్మాయి చేతిలోనూ ఉన్నాయి. లేనిదల్లా పక్క కుర్చీలో ఒక సీనియరు. “ఆ ఫైలు గిట్‌లో రాదమ్మా, పుల్ కొట్టు” అనే ఒక్క మాట. పెద్ద టీముల్లో ఆ మాట గాలిలో తిరుగుతుంటుంది, ఎవరూ రాయరు. ఆ గాలి సోకనివాళ్లు గంటల తరబడి కూర్చుని, చివరికి తమకే తెలివి లేదనుకుంటారు. నన్ను బాధపెట్టేది అదే. వాళ్లకు తెలివి తక్కువేం కాదు, వాళ్లకు చెప్పాల్సింది ఎవరూ చెప్పలేదు.

కాబట్టి ప్రాజెక్టులు నడిపేవాళ్లను ఒకటి కోరుతున్నాను. రీడ్‌మీ ఫైల్లో నాలుగు వాక్యాలు రాయండి. ఏ ఫైలు గిట్‌లో ఉండదు, ఏ కమాండు దాన్ని పుట్టిస్తుంది, ఏ ఖాతా, ఏ రీజియన్, అనుమతి కోసం ఎవరిని అడగాలి. కొన్ని టీములు ఆ ఫైలును తెలిసే గిట్‌లో చేరుస్తాయి. అదీ ఒక పద్ధతే. అలా చేస్తే ఆ నిర్ణయాన్నీ, కారణాన్నీ అక్కడే రాయండి. రాసిన వాక్యాలు నిజమో కాదో తేల్చుకోవాలంటే, ఖాళీ ఫోల్డర్లోకి ప్రాజెక్టును కొత్తగా దించుకుని, రీడ్‌మీ తప్ప మరే సాయం తీసుకోకుండా నడిపి చూడండి.

నేర్చుకునేవాళ్లకు చెప్పేది వేరు. ప్రాజెక్టు చక్కగా నడుస్తున్న రోజునే, మీ సొంత డెవలప్‌మెంట్ వాతావరణంలో ఆ ఫైలును కావాలని చెరిపేయండి. ఏ ఎర్రర్ వస్తుందో చూసి గుర్తుపెట్టుకోండి. తర్వాత ఎవర్నీ అడగకుండా దాన్ని తిరిగి పుట్టించండి. ఆ పని చేయగలిగినవాళ్లకు తమ యాప్ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతుందో తెలిసినట్టే. గడువు దగ్గరపడిన రాత్రి అదే ఎర్రర్ వచ్చినా వాళ్లు ఫోన్ తీసి ఫైలు అడగరు. టెర్మినల్ తెరిచి పని మొదలుపెడతారు.