తెర మీద గెలాక్సీ చూడాలంటే ఏ అద్దం?

"ఎంత పెద్దది కొనమంటారు?" టెలిస్కోప్ గురించి నన్నడిగేవాళ్ల మొదటి ప్రశ్న ఇదే. కంటితో చూడడానికైతే సరైన ప్రశ్నే. ఐపీస్ తీసి కెమెరా బిగించి, ల్యాప్‌టాప్ తెర మీద ఆకాశం చూడదలిస్తే మాత్రం దాని వెంటే మరొకటి అడగాలి: నాభ్యంతరం ఎంత?

అద్దం నుంచి బొమ్మ ఏర్పడే చోటుకు ఉన్న దూరమే నాభ్యంతరం. దాన్ని అద్దం వ్యాసంతో భాగిస్తే వచ్చేదే ఎఫ్ సంఖ్య. 150 మి.మీ. అద్దానికి నాభ్యంతరం 1200 మి.మీ. అయితే ఎఫ్/8, 600 అయితే ఎఫ్/4. అద్దం వ్యాసం అదే, అది పోగుచేసే వెలుతురూ అంతే. కానీ ఎఫ్/4లో నీహారిక బొమ్మ పొడవులోనూ వెడల్పులోనూ సగమై, ఒక్కో పిక్సెల్ మీద నాలుగింతల కాంతి పడుతుంది. ఎఫ్/8 నలభై సెకన్లలో చూపేదాన్ని ఇది పది సెకన్లలో చూపుతుంది. అందుకే దీన్ని ఫాస్ట్ టెలిస్కోప్ అంటారు.

ఈ వేగాన్ని నేనింతగా కోరుకునేది పక్కన నిలబడి చూసేవాళ్ల కోసం. ఐపీస్ దగ్గర ఒకరి తర్వాత ఒకరు వంగి చూడాలి. మోకాళ్ల నొప్పులున్న పెద్దలకు, చూపు మందగించినవాళ్లకు అది కష్టం. తెర మీదైతే ఇంటిల్లిపాదీ ఒకేసారి చూడొచ్చు. షార్ప్‌క్యాప్ లాంటి సాఫ్ట్‌వేర్ కొద్ది సెకన్ల ఫ్రేములను వచ్చినవి వచ్చినట్టే ఒకదాని మీద ఒకటి పేరుస్తుంది. పదహారు ఫ్రేములు చేరేసరికి బొమ్మలోని నాయిస్ నాలుగో వంతుకు తగ్గుతుంది. చూస్తుండగానే మసక విడిపోతుంది.

ఉదాహరణకు, పెళ్లిలో అరుంధతిని చూపే సప్తర్షి మండలం తోక చివర మరీచి ఉంటాడు. ఆ చుక్కకు దగ్గర్లోనే ఎం51 గెలాక్సీ. దాని సుడి ఆకారాన్ని మొట్టమొదట 1845లో ఐర్లండ్‌లోని బర్ కోటలో లార్డ్ రాస్ గుర్తించాడు. ఆయన అద్దం వ్యాసం 6 అడుగులు, గొట్టం పొడవు 50 అడుగుల పైమాటే. ఆ సుడిని ఇవాళ 6 అంగుళాల ఎఫ్/4 న్యూటోనియన్ టెలిస్కోప్, ఊరికి దూరంగా చీకట్లో, కొద్ది నిమిషాల్లో పిల్లల ముందు పరుస్తుంది.

ఈ వేగానికి మూల్యం ఉంది. ఎఫ్/8 నుంచి ఎఫ్/4కు వస్తే అంచుల్లో చుక్కలకు తోకలు మొలిపించే కోమా దోషం నాలుగింతలవుతుంది. ఫోకస్ సరిగ్గా నిలిచే జాగా సుమారు 170 మైక్రాన్ల నుంచి 40కి పడిపోతుంది. రాత్రి చల్లబడి గొట్టం కాస్త కుంచించుకుపోయినా బొమ్మ చెదురుతుంది. అందుకని కోమా కరెక్టర్, కెమెరా బరువుకు జారని రెండు వేగాల ఫోకసర్ తప్పనిసరి. కచేరీకి ముందు తంబురా శ్రుతి చేసుకున్నట్టు, ప్రతిసారీ అద్దాలను ఒకే వరుసకు తెచ్చే కొలిమేషన్ చేసుకోవాలి. నాకు ఆ పని విసుగు కాదు. ఆ కాసేపట్లో పరికరం చేతికి అలవాటవుతుంది.

కొనేముందు దుకాణంలో ఒకటి అడిగి తీరాలి: కెమెరాకు ఫోకస్ అందుతుందా? కంటి కోసం చేసిన చాలా న్యూటోనియన్లలో ఫోకస్ గొట్టానికి మరీ దగ్గరగా పడుతుంది, కెమెరా సెన్సర్ అక్కడిదాకా చేరదు. బార్లో లెన్స్ పెడితే చేరుతుంది కానీ అది నాభ్యంతరాన్ని పెంచి, డబ్బు పోసి కొన్న వేగాన్ని తినేస్తుంది.

ఎఫ్/2 టెలిస్కోపులూ ఉన్నాయి. సెలెస్ట్రాన్ వారి 8 అంగుళాల రాసా నాభ్యంతరం 400 మి.మీ. మాత్రమే. అద్భుతమైన పరికరం. అయితే కెమెరా ముందువైపున కూర్చుంటుంది, కంటితో చూసే వీలే లేదు, ధర బాగా ఎక్కువ. మొదటి కొనుగోలుకు నేను చెప్పను. గ్రహాలే మీకిష్టమైతే ఈ దారే వద్దు, పొడవైన నాభ్యంతరం ఉన్నది తీసుకోండి.

నగర కాంతిని ఏ వేగమూ ఓడించలేదు. నీహారిక ఎంత త్వరగా వస్తుందో ఆకాశపు వెలుగూ అంతే త్వరగా నిండుతుంది. హైదరాబాద్ మేడల మీద ఓరియన్ నీహారిక లాంటివాటికి, రెండు సన్నని రంగు పట్టీలనే రానిచ్చే డ్యూయల్ బ్యాండ్ ఫిల్టర్ సాయపడుతుంది. గెలాక్సీలకు ఆ ఫిల్టర్ పనికిరాదు, ఊరు దాటాల్సిందే.

నా మాట ఇది: 150 మి.మీ. ఎఫ్/4 చాలు. 2.9 మైక్రాన్ల పిక్సెల్ కెమెరాతో ఒక్కో పిక్సెల్‌కు దాదాపు ఒక ఆర్క్ సెకను వస్తుంది. అంతకన్నా సన్నని వివరాన్ని మన గాలి చాలా రాత్రులు ఎలాగూ నిలవనివ్వదు. 200 మి.మీ. గొట్టం బరువెక్కువ, గాలికి ఊగుతుంది. అద్దంలో మిగిల్చిన డబ్బును టెలిస్కోప్‌ను మోసే మౌంట్ మీద, కోమా కరెక్టర్ మీద పెట్టండి. పరికరం కుదురుకున్నాక మీ వీధిలో పిల్లల్నీ పెద్దల్నీ తెర ముందుకు పిలవండి.