ఇల్లాలు లేని ఇల్లా?

గొప్పవాళ్ళ ఇళ్ళు కాపాడటంలో మనకో అలవాటుంది. ఆయన కూర్చున్న కుర్చీ, రాసుకున్న బల్ల ఎక్కడుండేవని అడుగుతాం. గోడమీది పటానికి దండం పెడతాం. ఆ ఇంట్లో పొయ్యి ఎక్కడ వెలిగేదో మాత్రం అడగం.

రాజమండ్రిలో కందుకూరి వీరేశలింగం పంతులుగారి ఇల్లే తీసుకోండి. జమీందారు మేడ కాదది, బడిలో పాఠాలు చెప్పుకుని బతికిన పంతులుగారి ఇల్లు. 1881 డిసెంబరు 11న ఆయన మొదటి వితంతు వివాహం జరిపించారు. నాలుగు రోజులకే రెండోది. ఊరు భగ్గుమంది.

పెళ్ళంటే ఉపన్యాసం కాదుగదా! నీళ్ళు రావాలి, అన్నం ఉడకాలి, విస్తళ్ళు పడాలి. వెలికి భయపడి వంటవాళ్ళూ, నీళ్ళు మోసేవాళ్ళూ మానుకున్నారు. అప్పుడు గోదావరి నుంచి బిందెలతో నీళ్ళు మోసుకొచ్చి వండి వడ్డించింది ఆయన భార్య రాజ్యలక్ష్మమ్మగారు. పంతులుగారి కలం ఆపడం ఎవరి తరం కాలేదు. అందుకే ఊరివాళ్ళు ఆవిడ వంటింటిమీద పడ్డారు. ఆవిడ పొయ్యి ఆరిపోయి ఉంటే ఆ పెళ్ళిళ్ళేమయ్యేవి?

పంతులుగారు తన స్వీయచరిత్రలో ఆవిడ చేసిన సాయం చెప్పకపోలేదు. అయినా ఆ కథ చెబుతున్నది ఆయన. 1910లో కన్నుమూసిన ఆ ఇల్లాలి స్వీయచరిత్ర మనకి లేదు. ఆవిడ గురించి చెప్పగలిగింది ఇక ఆ ఇల్లే. దాన్ని చదవడం మనం నేర్చుకోవాలి.

ఇల్లు బాగుచేయడమంటే మనవాళ్ళకి సిమెంటు పూసి రంగు వేయడం. పాతకాలపు సున్నం గోడ చెమ్మ పీల్చుకుంటుంది, మళ్ళీ వదిలేస్తుంది. దానిమీద సిమెంటు పూస్తే చెమ్మ లోపలే ఉండిపోయి గోడ గుల్లబారుతుంది. పైకి మాత్రం నున్నగా, కొత్త పెళ్ళికూతురిలా ఉంటుంది. సంస్కర్తల చరిత్రనీ ఇలాగే నున్నగా పూసేస్తున్నాం. మసి, తడి, చాకిరీ కనపడవు.

స్మారక భవనమంటే కేవలం పుట్టినరోజుకి దండ వేసే చోటైతే దానికి ఒక విగ్రహం చాలు, ఇల్లెందుకు? వంట ఎక్కడ సాగేదో, ఆశ్రయం కోరి వచ్చిన ఆడపిల్లలు ఎక్కడ పడుకునేవారో తెలిసినంతమేరకు చెప్పాలి. తెలియనిచోట ఖాళీగా వదిలినా నష్టం లేదు.

పిల్లల్ని ఆ ఇల్లు చూపించడానికి తీసుకెళ్ళేవాళ్ళకి ఒక మనవి. ముందు గోదావరి రేవుకి తీసుకెళ్ళండి. అక్కణ్ణించి నడిపించుకు రండి. నిండుబిందె చంకన పెట్టుకుని ఆ దూరం నడవడమంటే ఏమిటో ఊహించుకోమనండి. సంఘసంస్కరణ బరువెంతో వాళ్ళకే తెలుస్తుంది.