సాహిత్యపఠనం – మనోగ్రహణశక్తి: ఒక మనోవిజ్ఞాన ప్రయోగంపై సాహిత్యవిమర్శ

వ్యాససంగ్రహం:

ఉత్తమ కథాసాహిత్యాన్ని కొద్దిసేపు చదివినా ఇతరుల మనసును గ్రహించే శక్తి పెరుగుతుందని 2013లో డేవిడ్ కిడ్, ఇమాన్యుయెల్ కస్టానో ప్రకటించారు. సాహిత్యబోధన ప్రయోజనాన్ని సమర్థించడానికి ఈ ఫలితం విస్తృతంగా ఉపయోగపడింది. తరువాతి పునఃప్రయోగాల్లో అది నిలబడలేదు. ఆ ప్రయోగం ఏమి కొలిచింది, ఏమి కొలవలేదు అన్న విషయాన్ని కన్యాశుల్కం నాటకం ఆధారంగా పరిశీలించి, మనోవిజ్ఞాన ఫలితాలను తెలుగు విమర్శ ఏ విధంగా స్వీకరించాలో సూచించడం ఈ వ్యాసం ఉద్దేశ్యం.

కీలకపదాలు: మనోగ్రహణశక్తి, సహానుభూతి, పునఃప్రయోగం, కన్యాశుల్కం, సహృదయుడు.

1. ప్రవేశిక:

సాహిత్యం చదివితే ఏమి వస్తుంది అన్న ప్రశ్న తెలుగుశాఖల్లో పనిచేసేవారికి కొత్తది కాదు. విద్యార్థి అడుగుతాడు, అతని తల్లిదండ్రులు అడుగుతారు, పాఠ్యప్రణాళికలో భాషాసాహిత్యాలకు కేటాయించిన గంటలను తగ్గించేవారూ అడుగుతారు. ఈ ప్రశ్నకు 'సాహిత్యం సహానుభూతిని పెంచుతుందని విజ్ఞానశాస్త్రం నిరూపించింది' అని సమాధానం చెప్పడం ఇటీవలి కాలంలో పరిపాటి అయింది. ఈ సమాధానం వినడానికి బలంగా ఉంటుంది. దాని పునాది ఎంత గట్టిదో చూడవలసిన బాధ్యత మాత్రం విమర్శకులదే.

తెలుగు విమర్శకు మనోవిజ్ఞానంతో పరిచయం ఎప్పటినుంచో ఉంది. 'అసమర్థుని జీవయాత్ర'లో సీతారామారావును, 'చివరకు మిగిలేది'లో దయానిధిని వ్యాఖ్యానించడానికి ఫ్రాయిడ్ పరిభాష ఎంతగానో ఉపయోగపడింది. అయితే ఆ పరిభాషను మనం చాలావరకు పరీక్షకు నిలిచిన సత్యంగానే తీసుకున్నాం. దాని చుట్టూ జరిగిన వాదవివాదాలు మన వ్యాసాల్లోకి అంతగా రాలేదు. ఇప్పుడు ఫ్రాయిడ్ స్థానంలోకి నాడీవిజ్ఞానం వస్తున్నది. స్వీకరించే పద్ధతి మాత్రం మారకపోతే పాత పొరపాటే కొత్త పేరుతో కొనసాగుతుంది.

2. ప్రయోగం – పునఃప్రయోగాలు:

న్యూయార్క్‌లోని న్యూ స్కూల్ ఫర్ సోషల్ రీసెర్చ్‌కు చెందిన కిడ్, కస్టానో తమ పరిశోధనను 2013 అక్టోబరులో 'సైన్స్' పత్రికలో ప్రచురించారు. అందులో ఐదు ప్రయోగాలున్నాయి. పాల్గొన్నవారిని యాదృచ్ఛికంగా విభజించి కొందరిచేత ఉత్తమసాహిత్యంగా పేరుపొందిన కథను లేదా నవలాభాగాన్ని చదివించారు. మిగిలినవారిచేత ప్రయోగాన్నిబట్టి జనాదరణ గల నవలాభాగాన్నో, కథేతర వ్యాసాన్నో చదివించారు. కొన్ని ప్రయోగాల్లో ఒక సమూహం ఏమీ చదవలేదు. వెంటనే అందరికీ ఒక పరీక్ష పెట్టారు. ఉత్తమసాహిత్యం చదివినవారికి సగటున కొంత ఎక్కువ మార్కులు వచ్చాయి. ఇతరుల నమ్మకాలను, కోరికలను, భావాలను ఊహించగల సామర్థ్యాన్ని మనోవిజ్ఞానులు 'థియరీ ఆఫ్ మైండ్' అంటారు. ఈ వ్యాసంలో దానిని మనోగ్రహణశక్తి అని వ్యవహరిస్తున్నాను.

2016లో పనేరో, ఆమె సహపరిశోధకులు ఈ ప్రయోగాన్ని మళ్ళీ చేశారు. మూడు పరిశోధక బృందాల ద్వారా మొత్తం 792 మంది పాల్గొన్నారు. ఒక్క భాగం చదివినందువల్ల మనోగ్రహణశక్తి పెరిగినట్లు ఆధారం దొరకలేదు. పాల్గొన్నవారిలో కొందరు ఇచ్చిన భాగాన్ని నిజంగా చదవనేలేదని మూలపరిశోధకులు ఆక్షేపించారు. చదవనివారిని లెక్కలో కలిపితే పఠనప్రభావం తేలదన్న మాట సమంజసమైనదే. కాని వివాదం అక్కడితో ముగియలేదు. 2010-2015 మధ్య 'నేచర్', 'సైన్స్' పత్రికల్లో వెలువడిన 21 సామాజికశాస్త్ర ప్రయోగాలను మరింత పెద్ద నమూనాలతో తిరిగి చేసిన కామెరర్ బృందం 2018లో తమ ఫలితాలను ప్రకటించింది. 13 ప్రయోగాలు నిలిచాయి, ఎనిమిది నిలవలేదు. నిలవనివాటిలో కిడ్, కస్టానోల ప్రయోగం ఒకటి.

అదే ఏడాది డోడెల్-ఫెడర్, తమీర్ 14 అధ్యయనాలను కలిపి మెటా-అనాలిసిస్ చేశారు. కథాపఠనం వల్ల మేలు ఉన్నదనీ, అది చాలా స్వల్పమనీ తేల్చారు. కాబట్టి 'ఏ ప్రభావమూ లేదు' అని కొట్టివేయడం కూడా తొందరపాటే. ఉన్నదంటున్న ప్రభావం చిన్నది, ఒక్క భాగం చదివినంతమాత్రాన అది కలుగుతుందన్నది సందేహాస్పదం. ప్రస్తుతానికి నిలిచే మాట ఇంతే. ఈ మాటపై ఒక విద్యావ్యవస్థ సమర్థనను నిలబెట్టలేం.

3. ప్రయోగం కొలిచినదేమిటి?

గణాంకాల సంగతి గణాంకశాస్త్రజ్ఞులు తేలుస్తారు. సాహిత్యవిమర్శకులు అడగవలసిన ప్రశ్న వేరొకటి ఉంది. ఈ ప్రయోగంలో ప్రధానంగా వాడిన పరీక్షలో 36 ఛాయాచిత్రాలుంటాయి. ప్రతి చిత్రంలోనూ కళ్ళ భాగం మాత్రమే కనిపిస్తుంది. ఆ చూపులోని భావం ఏమిటో నాలుగు పదాలలో ఒకదాన్ని ఎంచుకోవాలి. సైమన్ బారన్-కోహెన్ బృందం కేంబ్రిడ్జిలో రూపొందించిన ఈ పరీక్ష ప్రస్తుతరూపం 2001 నాటిది. సాహిత్యప్రభావాన్ని కొలవడం కోసం దీనిని తయారుచేయలేదు. ఆటిజం ఉన్న వయోజనుల్లో సామాజికగ్రహణాన్ని అధ్యయనం చేయడం దాని మూలోద్దేశ్యం.

ఇక్కడ మూడు సందేహాలు కలుగుతాయి. మొదటిది, భావాలను సూచించే పదాల మధ్య సూక్ష్మభేదాలు తెలిసినవారికి ఈ పరీక్షలో సహజంగానే అనుకూలత ఉంటుంది. అందువల్ల పరీక్షకు అందుతున్నది మనసు తెలిసిన జ్ఞానమా, మాట తెలిసిన జ్ఞానమా అన్నది స్పష్టం కాదు. రెండవది, చూపును చదవడంలో సంస్కృతికి పాత్ర ఉంది. జపాన్, అమెరికా దేశస్థులపై ఆడమ్స్ బృందం 2010లో ప్రచురించిన అధ్యయనంలో ఎవరికివారు తమ సంస్కృతికి చెందినవారి కళ్ళలోని భావాన్నే మెరుగ్గా గుర్తించారు. కనుక ఆ చిత్రాలను, ఆ పదాలను యథాతథంగా తెలుగు పాఠకుల ముందుంచి ఫలితాలు రాబట్టలేం.

మూడవ సందేహం చదివించిన పాఠానికి సంబంధించినది. ప్రయోగంలో వాడిన కథల్లో చేహోవ్ 'ఊసరవెల్లి' ఉంది. సంతలో ఒకని వేలు కుక్క కరుస్తుంది. ఆ కుక్క జనరల్‌గారిది అన్నప్పుడొక విధంగా, కాదన్నప్పుడొక విధంగా పోలీసు అధికారి మాట మారుస్తూపోతాడు. అతని మనసులో ఏముందో ఊహించడం పాఠకునికి ఏమాత్రం కష్టం కాదు. కథ చూపించేది అధికారం ముందు న్యాయం ఎట్లా వంగుతుందో. పాఠకునిలో కలిగేది నవ్వు, ఆ నవ్వు వెనుక ఏవగింపు. ఇది సాహిత్యం చేసిన పనే. కళ్ళ చిత్రాల పరీక్షలో దీనికి మార్కులు లేవు. ప్రయోగం కథను కేవలం ఒక మోతాదుగా తీసుకున్నది. కథ ఏమి చెబుతున్నదన్న విషయం లెక్కలోకి రాలేదు.

4. గిరీశం – మధురవాణి:

మనోగ్రహణశక్తి పెరిగితే మనిషి మంచివాడవుతాడన్న ఊహ ఈ ఫలితానికి లభించిన ప్రచారం వెనుక ఉంది. ఒకరి మనసులో ఏముందో తెలుసుకోవడం, ఆ మనసుకు కలిగిన బాధకు స్పందించడం ఒకటి కావని మనోవిజ్ఞానులే విభజించి చెబుతారు. మొదటిది జ్ఞానపరమైనది, రెండవది భావపరమైనది. ఈ భేదం తెలుగు పాఠకులకు అర్థం కావడానికి ప్రయోగశాల అవసరం లేదు. 1897లో తొలికూర్పు, 1909లో మలికూర్పు వెలువడిన గురజాడ 'కన్యాశుల్కం' చాలు.

మనోగ్రహణశక్తికి పరీక్ష పెడితే గిరీశం మొదటి వరుసలో ఉత్తీర్ణుడవుతాడు. వెంకటేశానికి తండ్రి అంటే భయమని, తన ఇంగ్లీషు అంటే మోజని అతనికి తెలుసు. అగ్నిహోత్రావధానులుకు దావాల పిచ్చి ఉందని తెలుసు కనుక కాగితాల విషయంలో సాయం చేస్తానంటూ ఆ ఇంట్లో పాతుకుంటాడు. బుచ్చమ్మ వైధవ్యంలోని ఒంటరితనాన్ని, లోకం తెలియని ఆమె నమ్మకాన్ని అతడు కచ్చితంగా చదవగలడు. చదివింది వాడుకోవడానికే. ఎదుటివారి మనసు తెలియకపోవడం అతని లోపం కాదు. తెలిసిన మనసుపట్ల ఎటువంటి బాధ్యతా లేకపోవడం అతని లోపం.

మధురవాణికీ అదే నేర్పు ఉంది. రామప్పంతులు గొప్పలను, లుబ్ధావధానులు లోభాన్ని ఆమె ఒక్క చూపులో గ్రహిస్తుంది. ఎవరితో ఏ మాట ఏ వేళ అనాలో ఆమెకు తెలుసు. ఆమె ఆ నేర్పును సుబ్బి పెళ్ళిని తప్పించడానికి ఉపయోగిస్తుంది. చివరికి మగవేషంలో సౌజన్యారావుపంతులు దగ్గరకు వెళ్ళి లుబ్ధావధానులును కాపాడే సమాచారం అందజేస్తుంది. ఆమె ద్వారానే గిరీశం నిజస్వరూపం పంతులుకు తెలిసి బుచ్చమ్మ దారి మారుతుంది. ఒకే శక్తి ఇద్దరిలో రెండు దిక్కులకు పోయింది. కళ్ళ చిత్రాల పరీక్షలో ఇద్దరికీ సమానంగానే మార్కులు రావచ్చు. నాటకం వారిద్దరి మధ్య ఉంచిన దూరం ఆ పరీక్షలో కనిపించదు.

ఇంకొక విషయం కూడా గమనించాలి. గిరీశం మోసగాడని తెలిసినా పాఠకుడు అతని మాటలకు నవ్వుతాడు, అతనికోసం ఎదురుచూస్తాడు. ఆ నవ్వులో తన భాగస్వామ్యం ఎంత అన్న ప్రశ్న బుచ్చమ్మ గుర్తుకువచ్చినప్పుడు ఎదురవుతుంది. పాఠకుడు తన ఇష్టాన్ని తానే అనుమానించే స్థితికి రావడం ఈ నాటకం సాధించిన ప్రయోజనాల్లో ముఖ్యమైనది. దీనిని సహానుభూతి అన్న ఒక్క మాటలో ఇరికించలేం.

5. మెదడు చిత్రాల సాక్ష్యం:

పరీక్షల మార్కులు చాలనప్పుడు మెదడు చిత్రాలను సాక్ష్యంగా తెచ్చే ధోరణి కూడా పెరిగింది. ఎమరీ విశ్వవిద్యాలయంలో గ్రెగరీ బెర్న్స్ బృందం 2013లో ప్రచురించిన అధ్యయనం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ. రాబర్ట్ హారిస్ రాసిన 'పాంపే' నవలను విద్యార్థులచేత తొమ్మిది రోజులు చదివించి, అంతకుముందు ఐదు రోజులు, ఆ తరువాత ఐదు రోజులు కలిపి మొత్తం 19 రోజులు వారి మెదడును స్కాన్ చేశారు. మెదడు భాగాల మధ్య అనుసంధానంలో కొన్ని మార్పులు కనిపించాయి. కాని నవల చదవని నియంత్రణ సమూహం ఇందులో లేదు. కాబట్టి ఆ మార్పు నవలవల్ల కలిగిందా, రోజూ యంత్రంలో పడుకోవడంవల్ల కలిగిందా, ఏ పుస్తకం చదివినా కలిగేదేనా అన్నది నిర్ణయించలేం.

ఈ రంగంలోని పద్ధతుల బలహీనతను నాడీవిజ్ఞానులే బహిరంగంగా చర్చిస్తున్నారు. 2020లో 'నేచర్' పత్రికలో వచ్చిన ఒక అధ్యయనంలో 70 బృందాలకు ఒకే ఎఫ్.ఎమ్.ఆర్.ఐ. సమాచారాన్ని, ఒకే తొమ్మిది ప్రతిపాదనలను ఇచ్చారు. ఏ రెండు బృందాలూ ఒకే రీతిలో విశ్లేషించలేదు. పలు ప్రతిపాదనల విషయంలో వారి నిర్ణయాలు గణనీయంగా భేదించాయి. తమ పద్ధతిని తామే ఇంత నిశితంగా శంకించుకోవడం ఆ శాస్త్రానికి గౌరవప్రదం. ఆ శంకను విడిచిపెట్టి తీర్పును మాత్రమే మనం తెచ్చుకోవడం సరికాదు.

6. సహృదయుడు – దీర్ఘపఠనం:

పనేరో బృందం ఫలితాల్లో మరొక అంశం ఉంది. ఒక్క భాగం చదివినందువల్ల మార్పు కనిపించకపోయినా, జీవితంలో కథాసాహిత్యంతో ఎక్కువ పరిచయం ఉన్నవారికి ఆ పరీక్షలో మెరుగైన మార్కులు వచ్చాయి. రేమండ్ మార్ బృందం 2006లోనే ఇటువంటి సంబంధాన్ని గుర్తించింది. ఇది కార్యకారణ సంబంధమని చెప్పలేం. సాహిత్యం చదవడంవల్ల మనసులను గ్రహించే శక్తి పెరిగి ఉండవచ్చు, మనసులపట్ల ఆసక్తి ఉన్నవారే సాహిత్యానికి ఆకర్షితులై ఉండవచ్చు.

భారతీయ అలంకారశాస్త్రం సహృదయుణ్ణి ఒక్క కావ్యం విన్నంతలో తయారయ్యేవాడిగా భావించలేదు. నిరంతర కావ్యపరిశీలనవల్ల అద్దంవలె నిర్మలమైన మనసు గలవాడు సహృదయుడని అభినవగుప్తుని వివరణ. ఇది ఆధునిక ఫలితాలకు పూర్వసూచన అనడం నా ఉద్దేశ్యం కాదు. ఇటలీలోని పార్మా నగరంలో కోతులపై జరిగిన పరిశోధనలో బయటపడిన మిర్రర్ న్యూరాన్లకూ అభినవగుప్తుని అద్దానికీ ముడిపెట్టడం పదసామ్యం మీద కట్టిన వాదమే అవుతుంది. ఒకటి కణాల వర్తనకు సంబంధించిన పరిశీలన, మరొకటి రసానుభవానికి అర్హతను నిర్వచించే సిద్ధాంతం. అయినా అలంకారశాస్త్రం మనకొక మంచి ప్రశ్నను అందిస్తున్నది. సాహిత్యప్రభావాన్ని నిమిషాల్లో కొలవాలా, సంవత్సరాల్లో కొలవాలా? ఈ ప్రశ్నతో ప్రయోగశాలకు వెళితే విమర్శకుడు సాక్ష్యం అడుక్కునేవాడిగా కాక సహపరిశోధకుడిగా వెళ్ళినట్లవుతుంది.

7. ముగింపు:

ఈ పరిశీలనవల్ల తేలిన అంశాలు ఇవి. ఒక్క భాగం చదివితే మనోగ్రహణశక్తి పెరుగుతుందన్న 2013 నాటి ఫలితాన్ని నిరూపితసత్యంగా ఉదహరించడం మానుకోవాలి. మనోగ్రహణశక్తి, సహానుభూతి, నైతికబాధ్యత అన్న మూడింటినీ వేరువేరుగా చూడాలి. మనోవిజ్ఞాన ఫలితాన్ని ఉదహరించే వ్యాసకర్త నమూనా సంఖ్యను, వాడిన పరీక్షను, పునఃప్రయోగాల స్థితిని కూడా పాఠకునికి చెప్పాలి. తెలుగు ముఖాలతో, తెలుగు భావపదాలతో పరీక్షలు రూపొందించి, ఒక విద్యాసంవత్సరమైనా సాగే పఠనాన్ని అధ్యయనం చేయడానికి తెలుగుశాఖలు, మనోవిజ్ఞానశాఖలు కలిసి పనిచేయాలి.

సాహిత్యబోధనకు సమర్థనగా ఒక ప్రయోగాన్ని చూపినవారు ఆ ప్రయోగం వీగిపోయిననాడు సమర్థనను కూడా వదులుకోవలసి వస్తుంది. గిరీశాన్ని చూసి నవ్విన విద్యార్థి బుచ్చమ్మ దగ్గర ఆగి తన నవ్వును ప్రశ్నించుకోగలిగితే, ఆ తరగతి ఎందుకు అన్న ప్రశ్నకు సమాధానం అక్కడే ఉంది. ఆ సమాధానాన్ని పాఠం నుంచే చెప్పగల శక్తిని విమర్శ పెంపొందించుకోవాలి.