నిఘంటువులు: పదప్రామాణ్యము

నిఘంటువులో కానరాని పదము భాషలోనే లేదని తీర్మానించుట పరిశోధన వ్యాసములలో తరచుగా కనవచ్చు దోషము. నిఘంటువు భాషాసర్వస్వము కాదు; ఒక కాలమున, ఒక ప్రయోజనమునకై, ఒక నియమము ననుసరించి చేసిన యేరిక. ఆ నియమ మెట్టిదో తెలియక నిఘంటువును సాక్ష్యముగా గైకొనరాదు. మన నిఘంటువుల చరిత్రయే ఇందులకు నిదర్శనము.

తొలుత వెలసినవి పద్యనిఘంటువులు. పైడిపాటి లక్ష్మణకవి ఆంధ్రనామసంగ్రహము అమరకోశపు మార్గమున దేవ, మానవ, స్థావర, తిర్యక్, నానార్థ వర్గులుగా విభక్తమైనది. అడిదము సూరకవి ఆంధ్రనామశేషము దానికి పూరకము. ఇవి వెదకి చూచుటకు గాక, కంఠస్థము చేయుటకై పుట్టినవి. పద్యరచనకు పర్యాయపదములు నోటనుండవలెను గాని అకారాదిక్రమముతో పనిలేదు. కావ్యావసరమే వీని కొలబద్ద.

19వ శతాబ్ది ఆరంభమున మామిడి వెంకయ్య ఆంధ్రదీపికను అకారాదిక్రమమున కూర్చెను. దీనితో నిఘంటువు వల్లె వేయదగిన గ్రంథము గాక, వెదకి చూడదగిన గ్రంథమయ్యెను. బ్రౌను 1852లో ప్రకటించిన తెలుగు-ఇంగ్లీషు నిఘంటువున కావ్యపదములతోపాటు జనవ్యవహారమందలి మాటలకును చోటు దొరకెను. కచేరి, జమాబందీ వంటి అన్యదేశ్యముల కాతడు 1854లో వేరొక నిఘంటువునే సంతరించెను. ప్రజలతో మాటాడి పాలన నెరపవలసిన ఉద్యోగి కిది సహజమైన దృష్టి.

బహుజనపల్లి సీతారామాచార్యుల శబ్దరత్నాకరము (1885) వ్యాప్తిలో బ్రౌనుకన్న సంకుచితము, ప్రమాణనిష్ఠలో మిన్న. కవిప్రయోగముల నుదాహరించుటచే అర్థనిర్ణయమును పరీక్షించుటకు చదువరికి వీలు కలిగినది. ఇది సామాన్యమైన మేలు కాదు. అయినను కావ్యములకెక్కని పదమున కిందు స్థానము అరుదు. ఆంధ్రసాహిత్యపరిషత్తు పూనికతో 1936లో తొలి సంపుటము వెలువడిన సూర్యరాయాంధ్ర నిఘంటువు పెక్కుమంది పండితుల కృషి ఫలము, పరిమాణమున మహత్తరమైనది. అదియు ప్రధానముగా గ్రంథస్థభాషనే ఆశ్రయించినది. వ్యావహారికభాషావాదుల ఆక్షేపణకు మూలమిదియే.

ఇందుకై కోశకర్తలను నిందించుట న్యాయము కాదు. తాము పూనని పనిని వారు చేయలేదు. దోషము, కావ్యకోశమును భాషాకోశముగా చదువు మనయందున్నది.

ఈ లోపమెంత విస్తృతమో మాండలిక వృత్తిపదకోశములు చూపినవి. భద్రిరాజు కృష్ణమూర్తి సంపాదకత్వమున 1962లో వ్యవసాయపదములు, 1971లో చేనేతపదములు వెలువడినవి. వీనికి ఆకరము తాళపత్రము కాదు. రైతు నోటిమాట, నేతగాని నోటిమాట. తరతరములుగా వాడుకలోనున్న పదములు వీనితో గాని కోశస్థితిని పొందలేదు.

కావున నిఘంటువును ప్రమాణముగా చూపునపుడు అది యెవరికై కూర్చబడినది, ఆకరములేవి, వేనిని విడిచినది అను మూడు ప్రశ్నలు ముందుగా వేసికొనవలెను. పదము ఉన్నదనుటకు నిఘంటువు చాలును, లేదనుటకు చాలదు.